చేతి ఫోనులోని రహస్యపదమును కాపాడుకొను విధము



ప్రతి మాసమును ఈ పత్రికలో విత్తనశుద్ధిని గూర్చియో, ఎరువుల మోతాదును గూర్చియో వ్రాయుట నాకు వాడుక. ఈ మాసము మాత్రము పైరును విడిచి చేతి ఫోనును గూర్చి వ్రాయుచున్నాను. పంట పండించుటకు మనము పడిన శ్రమ యంతయు చివరకు సొమ్ముగా మారి ఆ ఫోనులోనికే వచ్చి చేరుచున్నది. కావున దానిని కాపాడుకొనుటయు వ్యవసాయములో నొక భాగమేయని నా యభిప్రాయము.

పూర్వము ధాన్యమమ్మిన సొమ్మును కొంగున ముడివేసికొని యింటికి తెచ్చి, బియ్యపు కుండలోనో, ఇనుప పెట్టెలోనో దాచెడివారము. పెట్టె తాళపుచెవి ఇల్లాలి మొలనుండెడిది. 2016వ సంవత్సరమున యూపీఐ అను చెల్లింపు పద్ధతి వచ్చిన పిమ్మట, సంతలో పశువు వెల మొదలు ఎరువుల కొట్టు బాకీ వరకు ఫోను మూలముననే ఇచ్చి పుచ్చుకొనుచున్నాము. 2019లో ప్రారంభమైన పీఎం కిసాన్ పథకము క్రింద ఏటికి 6,000 రూపాయలు, వాయిదాకు 2,000 చొప్పున, నేరుగా రైతు ఖాతాలో పడుచున్నవి. 2022లో దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల లెక్కలను కంప్యూటరులకు ఎక్కించుటకు కేంద్ర మంత్రివర్గము అనుమతి నిచ్చెను. ఇవి యన్నియు మనకు మేలు చేసినవే. వీనిని నేను నిందింపను. అయితే సొమ్ము చోటు మారినపుడు దొంగయు చోటు మారును. ఆ సంగతి నాకు పుస్తకము వలన గాక అనుభవము వలన తెలిసినది. దానిని దాచక ముందుగా చెప్పెదను.

నా వలన జరిగిన నష్టము

గడచిన సంవత్సరము ఖరీఫు విత్తనముల పంపకము జరుగుచున్న దినములలో, ఒకనాటి సాయంకాలము నాకు వాట్సాపులో ఒక సందేశము వచ్చెను. పంపినది నాతో పనిచేయు నొక మిత్రుడు. పేరు, బొమ్మ అన్నియు అతనివే. "నాకు రావలసిన ఆరంకెల కోడు పొరబాటున మీ నంబరునకు వచ్చినది. వెంటనే పంపగలరు. అత్యవసరము" అని అందులో నుండెను. నిజముగనే నా ఫోనునకు ఆరంకెలు గల సందేశమొకటి వచ్చియుండెను. దాని క్రిందనే "దీనిని ఎవ్వరికిని తెలుపకుడు" అనియు వ్రాసియుండెను. నేను విత్తనపు సంచుల లెక్క చూచుకొనుచు, ఆ రెండవ వాక్యమును చదువకయే అంకెలను పంపితిని. రెండు నిమిషములైనను గడువకముందే నా వాట్సాపు మూతపడెను. ఆ ఆరంకెలు నా వాట్సాపునకే తాళపుచెవి. దొంగ దానితో తన ఫోనులో నా పేరున ప్రవేశించెను. నా మిత్రుని వాట్సాపు అంతకు ముందే అదే విధముగా వానికి చిక్కినదని తరువాత తెలిసినది.

ఇంతవరకు జరిగినది అజాగ్రత్త. దీని తరువాత నేను చేసినది అంతకంటె పెద్ద తప్పు. నలుగురికి బోధించువాడనై యుండి నేనే మోసపోతినని చెప్పుకొనుటకు సిగ్గుపడి, ఆ రాత్రి ఎవ్వరికిని తెలుపక, తెల్లవారిన పిమ్మట చూచుకొందమని ఊరకుంటిని. నేను సభ్యుడనై యున్న పదునొకండు గ్రామముల రైతు బృందములకు ఆ రాత్రియే నా పేరున ఒక ఫైలు పోయెను. "పీఎం కిసాన్ జాబితానుండి మీ పేరు తీసివేయబడకుండుటకు ఈ యాపును నేటి రాత్రిలోగా ఫోనులో ఎక్కించుకొనుడు" అని దానితో వ్రాసియుండెను. చాలమంది నిద్రలో నుండుటచే చూడలేదు. చూచినవారిలో ఒక రైతు దానిని తెరచెను. మిరప అమ్మిన సొమ్ములో అతనికి మిగిలియున్న 38,400 రూపాయలు మూడు దఫాలుగా తెల్లవారులోగా ఖాతానుండి పోయెను.

ఆ రైతు తెలివి తక్కువవాడు కాడు. విత్తనపు సంచి కొనునపుడు చీటీని రెండు మారులు చదువువాడు. కాటా ముల్లు నిలుచువరకు కన్ను త్రిప్పనివాడు. "మీవంటివారు దీనిని ఎట్లు తెరచితిరి?" అని నేను అడుగగా, "మీరు పంపినారని తెరచితిని సారూ" అనెను. ఆ మాటకు నాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను.

ఉదయమున ఇద్దరమును కూడి ఫిర్యాదు చేయగా 9,000 రూపాయలు మాత్రము ఒక ఖాతాలో నిలుపబడి, కొన్ని మాసములకు అతనికి తిరిగి వచ్చెను. తక్కినది అప్పటికే చేతులు మారిపోయెను. మిగిలిన నష్టములో సగము నేనిచ్చితిని. అది దానము కాదు, నా బాకీ. రాత్రియే నేను నోరు విప్పి ఇతరుల ఫోనునుండి "నా పేరున వచ్చు దేనిని తెరవకుడు" అని నాలుగు మాటలు చెప్పియుండినచో ఆ సొమ్ము పోవకుండెడిది. ఈ వ్యాసము వ్రాయుటకు ఇదియే కారణము.

ఈ మోసము స్వభావము

ఇట్టి మోసమును ఆంగ్లమున ఫిషింగు అందురు. చేపలు పట్టుట అను అర్థము గల మాటకు అక్షరములు కొంచెము మార్చి ఈ పేరు పెట్టిరి. 1990వ దశాబ్దము నడుమ అమెరికాలో అమెరికా ఆన్‌లైన్ అను సంస్థ ఖాతాదారుల రహస్యపదములను ఇట్లు లాగుకొనువారి వలన ఈ మాట వ్యాపించెను. మనము దీనిని గాలపు మోసము అనవచ్చును.

ఇందు ముఖ్యముగా గ్రహింపవలసిన దొక్కటే. ఈ దొంగ తాళమును పగులగొట్టడు. బ్యాంకు గోడ గట్టిది. ఫోను తాళము కూడ సామాన్యముగా గట్టిదే. అందుచే వాడు తాళపుచెవిని మనచేతనే ఇప్పించుకొనును. పాస్‌వర్డు, పిన్, ఓటీపీ అనునవి మూడును తాళపుచెవులే. వీనిని అడిగి పుచ్చుకొనుటయే ఈ మోసము.

పత్తిచేలలో గులాబిరంగు పురుగు ఉనికిని కనిపెట్టుటకు మనము కట్టు లింగాకర్షక బుట్టలను మీరెరుగుదురు. ఆ బుట్టలో ఆడపురుగు లేదు. దాని వాసనను పోలిన మందుగల చిన్న ఎర మాత్రమే యున్నది. మగపురుగు ఆ వాసన నొక్కదానిని నమ్మి తానే ఎగిరివచ్చి బుట్టలో పడును. పేరును, బొమ్మను, ప్రభుత్వపు గుర్తును చూచినంతనే నమ్ముట అట్టిదే. నా పేరును చూచి ఆ రైతు నమ్మెను. నా మిత్రుని బొమ్మను చూచి నేను నమ్మితిని. ఆ రెండింటి వెనుకను ఉన్నవాడు ఒక్క దొంగయే.

మఱియొక పోలిక చెప్పెదను. ఎలుకల నివారణలో మొదటనే విషము పెట్టము. రెండు దినములు నూనె కలిపిన నూకలను మాత్రమే పెట్టి అలవాటు చేసి, పిమ్మట నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, జింకు ఫాస్ఫైడు 2 పాళ్లు చేర్చి పెట్టుదుము. ఈ మోసగాండ్రును అట్లే మొదట మంచి ఎర పెట్టుదురు. మీ పేరు, మీ గ్రామము, మీ ఆధారు చివరి నాలుగంకెలు, కొన్ని సమయములందు మీ అప్పు మొత్తము కూడ సరిగా చెప్పుదురు. ఒక్కొకప్పుడు పది రూపాయలు మీ ఖాతాకు పంపి నమ్మకము కలిగింతురు. మన వివరములు తెలిసినవాడెల్ల మన బ్యాంకువాడు కాడు. ఆ వివరములు మనము అనేక చోట్ల వ్రాసియిచ్చినవే; అవి ఎవరి చేతనైనను పడవచ్చును.

మోసపు సందేశమున మూడు లక్షణములు తరచుగా కనబడును. ఒకటి, తెలిసిన పేరు. రెండు, భయమో ఆశయో. మూడు, తొందర. "మీ సొమ్ము ఆగిపోవును", "మీ ఖాతా మూయబడును", "నేటి రాత్రిలోగా" అను మాటలు కనబడినచో, మొదట ఫోనును ప్రక్కన పెట్టి, ఒక గ్లాసు నీరు త్రాగి, పిమ్మట ఆలోచింపుడు. నిజమైన ప్రభుత్వపు పని ఏదియు పది నిమిషముల ఆలస్యము వలన చెడదు. వాయిదా సొమ్ము వచ్చు దినములందును, పంట అమ్మకపు దినములందును ఇట్టివి హెచ్చుగా వచ్చునని తలచి మరింత మెలకువగా నుండవలెను.

మోసము వచ్చు దారులు

మొదటిది, దొంగ పుట. సందేశములోని లింకును నొక్కినంతనే బ్యాంకు పుటను పోలిన పుట తెరచుకొనును. రంగులు, గుర్తు అన్నియు సరిగా నుండును. మనము పేరు, రహస్యపదము వ్రాసినంతనే అవి దొంగకు చేరును. పుట "సాంకేతిక లోపము, మరల ప్రయత్నింపుడు" అని చెప్పి ఊరకుండును. మన కేమియు జరిగినట్లు తోచదు.

రెండవది, ఫైలు. ఫైలు పేరు చివర ఏపీకే అను మూడక్షరములున్నచో అది పత్రము కాదు, యాపు. పీఎం కిసాన్ అనియు, వాహన చలాను అనియు, విద్యుత్తు బిల్లు అనియు, కడకు పెండ్లి పిలుపు అనియు పేరు పెట్టి ఇట్టివి పంపుచున్నారు. దానిని ఎక్కించుకొనినచో సందేశములు చదువుటకు అనుమతి కోరును. మనము సరే యని నొక్కినచో, అటుపిమ్మట బ్యాంకు పంపు ఓటీపీలు మనకంటె ముందుగా దొంగకు తెలియును. ఫోను చూపునకు మామూలుగానే యుండును.

మూడవది, నాకు జరిగినట్లు కోడు అడుగుట. ఒకరి కోడు పొరబాటున ఇంకొకరికి వచ్చుట సామాన్యముగా జరుగదు. వచ్చిన కోడు మీదే, మీ తలుపునకు సంబంధించినదే యని నమ్ముడు.

నాల్గవది, ఫోనులో పలుకరించుట. "బ్యాంకునుండి మాటలాడుచున్నాము" అని చెప్పి, మీ ఫోను తెరను దూరమునుండి చూచునట్టి యాపు నొకదానిని ఎక్కించుకొమ్మందురు. ఎక్కించినచో మీరు నొక్కు ప్రతి అక్షరమును వారు చూడగలరు. ఇంటర్నెట్టులో వెదకగా దొరకిన సహాయ నంబరును నమ్మి మనమే దొంగకు ఫోను చేయుటయు కలదు. బ్యాంకు నంబరు కావలసినచో పాసుపుస్తకము మీదనో, కార్డు వెనుకనో ముద్రింపబడినదానిని చూడవలెను.

ఐదవది, సొమ్ము ఇచ్చెదమని చెప్పి పుచ్చుకొనుట. పాడిగేదెను అమ్మెదమని ఫోనులో ప్రకటించిన రైతునకు బేరగాడొకడు ఒక క్యూఆర్ చిత్రమును పంపి, "దీనిని ఫోనుకు చూపి పిన్ కొట్టుడు, బయానా మీ ఖాతాలో పడును" అనును. పిన్ కొట్టినంతనే సొమ్ము పోవును, రాదు. యూపీఐలో సొమ్ము పంపుటకు పిన్ కావలెను. పుచ్చుకొనుటకు పిన్ అక్కరలేదు. ఈ యొక్క వాక్యమును ఇంటిల్లిపాదియు కంఠస్థము చేయవలెను. ఒక వ్యక్తి మఱియొక వ్యక్తిని యూపీఐ మూలమున సొమ్ము కోరు పద్ధతి 2025 అక్టోబరు 1వ తేదీనుండి తీసివేయబడెను గాని, క్యూఆర్ చిత్రముల మోసమునకు అది యొక్కటే అడ్డు కాజాలదు.

చిరునామాను చదువుట

ధ్రువీకరింపబడిన విత్తనపు సంచికి నీలిరంగు చీటీ యుండవలెనని మీరెరుగుదురు. సంచి మీది బొమ్మ ఎంత సొగసుగా నున్నను చీటీ చూడక కొనము. అట్లే ఫోనులో తెరచుకొనిన పుట మీద, పై భాగమున, చిరునామా యుండును. దానిలో మొదటి గీతకు ముందున్న చివరి భాగమే ముఖ్యము. తక్కినది సంచి మీది బొమ్మ వంటిది.

కేంద్ర రాష్ట్ర ప్రభుత్వముల పుటలు సామాన్యముగా గవ్.ఇన్ అను అక్షరములతో ముగియును. పీఎం కిసాన్ వారి నిజమైన చిరునామా పీఎంకిసాన్.గవ్.ఇన్. అందలి చుక్కలకు బదులు అడ్డగీతలు పెట్టి, చివర కామ్ అనియో మఱియొకటనియో ఉన్నచో అది దొంగది. బ్యాంకుల పుటలు బ్యాంక్.ఇన్ అను ముగింపునకు 2025 అక్టోబరు 31వ తేదీలోగా మారవలెనని రిజర్వు బ్యాంకు వారు ఆజ్ఞాపించిరి. ఆ ముగింపు బ్యాంకులకు దప్ప ఇతరులకు ఇయ్యబడదు. చిరునామా ప్రక్కనుండు తాళపు బొమ్మను చూచి మాత్రము నమ్మరాదు. మీరు వ్రాయునది దారిలో ఇతరులు చదువలేరని ఆ బొమ్మకు అర్థము గాని, దారి కొననున్నవాడు మంచివాడని అర్థము కాదు.

అయినను అక్షరములను పోల్చి చూచుట అందరికిని సాధ్యము కాదు. చిన్న తెర మీద కండ్లు మోసపోవును. కావున అంతకంటె సులభమైన సూత్రమును చెప్పెదను. కబురు వచ్చిన దారిని పోకుడు. మీకు ముందే తెలిసిన దారిని పొండు. "మీ ఖాతా ఆగిపోయినది" అని సందేశము వచ్చినచో అందలి లింకును ముట్టక, మీ ఫోనులో ముందే యున్న బ్యాంకు యాపును తెరచి చూడుడు, లేదా బ్యాంకునకు నడచి పోయి అడుగుడు. కబురు నిజమైనచో అక్కడ కూడ కనబడును. అబద్ధమైనచో అక్కడ నేమియు నుండదు. ఈ సూత్రమును పాటించువానికి చదువు రాకపోయినను గాలపు మోసము చాలవరకు తగులదు.

ఫోనులో చేసికొనవలసిన ఏర్పాటులు

1. యాపులను ప్లేస్టోరు నుండి మాత్రమే తీసికొనుడు. అక్కడను తయారుచేసినవారి పేరు చూడుడు. ఫోను సెట్టింగులలో "తెలియని యాపులను ఎక్కించుట" అను అనుమతి వాట్సాపునకు గాని, ఇంటర్నెట్టు చూచు యాపునకు గాని ఉన్నచో తీసివేయుడు.

2. వాట్సాపు సెట్టింగులలో ఖాతా అనుచోట రెండంచెల పరీక్ష కలదు. అక్కడ ఆరంకెల పిన్ నొకదానిని మీరే పెట్టుకొనుడు. నేను ఇది ముందే చేసియుండినచో, కోడు దొంగకు చిక్కినను వాడు లోనికి రాలేకపోయెడివాడు. దీనికి రెండు నిమిషములకంటె పట్టదు.

3. ఈ-మెయిలు రహస్యపదమును వేరుగా, గట్టిగా ఉంచుకొనుడు. దానికిని రెండంచెల పరీక్ష పెట్టుడు. ఏ ఖాతా రహస్యపదము మరచినను క్రొత్తది తరచుగా ఈ-మెయిలునకే వచ్చును. అది చిక్కినవానికి తక్కిన తలుపులన్నియు తెరచుకొనును.

4. ఒకే రహస్యపదమును అన్ని చోట్ల వాడరాదు. బిడ్డల పేరు, పుట్టిన సంవత్సరము, సర్వే నంబరు, వరుస అంకెలు పనికిరావు. ఒకదానికొకటి సంబంధము లేని నాలుగు మాటలను కూర్చినచో పొడవుగను, జ్ఞాపకముంచుకొనుటకు సులభముగను ఉండును. జ్ఞాపకముండదేని పుస్తకములో వ్రాసి పెట్టెలో దాచుట తప్పు కాదు. ఫోనులో ఫొటోగా దాచుటయు, ఫోను కవరులో చీటీగా పెట్టుటయు తప్పు.

5. రహస్యపదములను దాచు యాపు గాని, పాస్‌కీ అను క్రొత్త పద్ధతి గాని మీ ఫోనులో నున్నచో వాడుకొనుడు. అవి నిజమైన చిరునామా వద్దనే పనిచేయును. దొంగ పుటను చూచినచో రహస్యము నందింపవు. మన కండ్లకు తెలియని భేదము వానికి తెలియును.

6. యూపీఐకి వేరొక ఖాతాను పెట్టుకొని, అందులో నెల ఖర్చునకు చాలునంత మాత్రమే ఉంచుడు. సంతకు పోవునపుడు గాదె తాళపుచెవిని వెంట తీసికొనిపోము గదా. దినమునకు ఇంత సొమ్ము మాత్రమే పోవలెనని హద్దు పెట్టుకొను వసతియు అనేక బ్యాంకు యాపులలో నున్నది.

7. కొట్టువాని కుఱ్ఱవానికి ఫోనిచ్చి, పిన్ నోటితో చెప్పి, సొమ్ము పంపించుకొను అలవాటు మన గ్రామములలో చాల కలదు. అంకెలు కొట్టుట ఎంత ఆలస్యమైనను మీ వ్రేలితోనే కొట్టుడు. చదువురాని తల్లిదండ్రులకు ఇంటి బిడ్డలు ఓపికతో నేర్పవలెను.

8. ఫోను తయారుచేసినవారు పంపు మరమ్మతులను ఎప్పటికప్పుడు ఎక్కించుకొనుడు. మాసమున కొకమారు ఏ యాపులకు సందేశములు చదువు అనుమతి యున్నదో చూచి, అక్కరలేనివానికి తీసివేయుడు.

మోసపోయినచో చేయవలసినది

ముందుగా మీ ఫోనులోని ఇంటర్నెట్టును ఆపుడు. వెంటనే వేరొక ఫోనునుండి 1930 అను నంబరునకు ఫోను చేయుడు. రాత్రియని వెనుదీయకుడు. ఈ ఫిర్యాదు ఏర్పాటు 2021లో కేంద్ర హోము శాఖ వారిచే ప్రారంభింపబడెను. దొంగిలింపబడిన సొమ్ము కొద్ది నిమిషములలోనే ఒక ఖాతానుండి మఱియొక ఖాతాకు, అక్కడినుండి ఇంకొక ఖాతాకు పారును. ఫిర్యాదు అందినంతనే ఆయా బ్యాంకులకు కబురు పోయి, సొమ్ము ఎక్కడ దొరకిన అక్కడ నిలుపబడును. కాలువ గండిని మొదటి గంటలో నొక మనుష్యుడు పారతో పూడ్చగలడు. తెల్లవారినచో ఊరంతయు దిగినను చాలదు. ఇదియు నట్టిదే.

తరువాత బ్యాంకునకు తెలిపి ఖాతాను, యూపీఐని నిలిపించుడు. శుభ్రమైన వేరొక ఫోనునుండి రహస్యపదములను మార్చుడు. వాట్సాపు పోయినచో మీ నంబరుతోనే మరల ప్రవేశించినంతనే దొంగ బయట పడును. అంతవరకు ఇతరుల మూలమున బంధుమిత్రులకు, గ్రామ బృందములకు సంగతి తెలియజేయుడు. దొంగ యాపును ఎక్కించినచో దానిని తీసివేసి, తెలిసినవారి సహాయముతో ఫోనును మొదటి స్థితికి తెచ్చుట మేలు. అయితే మోసపు సందేశమును, నంబరును, సొమ్ము పోయిన లెక్కలను ముందుగా వ్రాసి గాని ఫొటో తీసి గాని భద్రపరచవలెను; అవియే సాక్ష్యము. సైబర్‌క్రైమ్.గవ్.ఇన్ అను ప్రభుత్వపు పుటయందును ఫిర్యాదు చేయవచ్చును.

బ్యాంకునకు తెలుపు విషయమున ఆలస్యము ఎందుకు కూడదో ఇంకొక కారణము కలదు. ఖాతాదారుల బాధ్యతను గూర్చి 2017 జూలైలో రిజర్వు బ్యాంకు వారు ఉత్తరువులిచ్చి, అదే సంవత్సరము డిసెంబరులో సహకార బ్యాంకులకును అట్టివానినే వర్తింపజేసిరి. వాని ప్రకారము, ఖాతాదారుడు తన రహస్యమును తానే ఇతరులకు తెలిపినందున కలిగిన నష్టము బ్యాంకునకు తెలుపువరకు అతనిదే. తెలిపిన పిమ్మట జరుగు నష్టము బ్యాంకుది. అతని తప్పు గాని బ్యాంకు తప్పు గాని లేక వేరొకచోట జరిగిన లోపము వలన సొమ్ము పోయినపుడు, కబురందిన మూడు పనిదినములలోగా తెలిపినవానికి బాధ్యత లేదు. అటుపిమ్మట జరిగిన మార్పులను మీ బ్యాంకులో అడిగి తెలిసికొనుడు. ఏ విధముగ చూచినను ముందుగా నోరు విప్పినవానికే లాభము.

సంఘము చేయవలసినది

ఒక్కొక్క రైతు విడివిడిగా మెలకువగా నుండుట మంచిదే గాని, అందరము కూడి యుండుట అంతకంటె మంచిది. సహకార సంఘ మేర్పడినదే అందుకు. మన సంఘమునకు నేను మూడు సూచనలు చేయుచున్నాను.

మొదటిది, సంఘ కార్యదర్శి గాని, జిల్లా కేంద్ర సహకార బ్యాంకు ఉద్యోగి గాని, వ్యవసాయ శాఖ వారు గాని ఎన్నడును పిన్, ఓటీపీ, రహస్యపదము అడుగరనియు, వాట్సాపులో యాపులు పంపరనియు పెద్ద అక్షరములతో వ్రాసి సంఘ కార్యాలయపు గోడకు కట్టవలెను. రెండవది, సొమ్మునకు గాని కోడునకు గాని సంబంధించిన సందేశము ఎవరి పేరున వచ్చినను, వ్రాతను నమ్మక, వారికి ఫోను చేసి గొంతు విని గాని, ముఖము చూచి గాని నిశ్చయించుకొనవలెను. నా పేరున వచ్చినదానిని కూడ అట్లే చేయుడు. నన్ను అనుమానించితిరని నేను నొచ్చుకొనను. అనుమానింపకపోయినందుననే ఒక రైతు నష్టపోయెను. మూడవది, నెలవారీ సమావేశమున ఆ మాసములో వచ్చిన మోసపు సందేశములను ఒక్కొక్కరుగా చదివి వినిపింపవలెను. ఒకని చేనిలో పురుగు కనబడినపుడు ప్రక్క చేనివానికి చెప్పుట మన వాడుక. దీని విషయమున మాత్రము ఎందుకు దాచవలెను?

ఇక సిగ్గును గూర్చి ఒక్క మాట. మోసపోవుట అవివేకమునకు గుర్తు కాదు. పని తొందరలో నున్నవాడును, నమ్మకము గలవాడును, అలసిన రాత్రివేళ ఎవడైనను మోసపోవచ్చును. ఇంటిలో తిట్టుదురని, ఊరిలో నవ్వుదురని దాచిన ప్రతి గంటయు దొంగకు మనమిచ్చు గడువు. కావున మోసపోయి వచ్చినవానిని చూచి నవ్వకుడు. మొదట 1930కి ఫోను చేయించి, తరువాత కుర్చీ వేసి కూర్చుండబెట్టుడు. నవ్వు భయముననే నేనొక రాత్రి మౌనముగా నుంటిని. ఆ రాత్రి వెల మఱియొకడు చెల్లించెను.

ఈ పత్రిక చదివినవారు చదువురానివారికి చదివి వినిపింపవలెనని కోరుచున్నాను. వాట్సాపు రెండంచెల పరీక్ష పెట్టుకొనుట తెలియనివారు మంగళవారము సంఘ కార్యాలయమునకు ఫోనుతో వచ్చినచో, నేను స్వయముగా చూపెదను. పిన్ మాత్రము మీరే కొట్టవలెను. నేను ముఖము ప్రక్కకు త్రిప్పుకొందును.